కెమెరా వెలుతురును ఎలా పట్టుకుంటుంది, ఎలా అదుపు చేస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కెమెరా కొనుక్కుని ఆదివారం పొద్దున్నే చార్మినార్ వైపో గోలకొండ వైపో బయలుదేరే మిత్రులతో కొన్నేళ్లుగా కలిసి నడుస్తున్నాను. దారిలో వారు అడిగే ప్రశ్నలలో మళ్లీ మళ్లీ వినిపించినవాటిని ఇక్కడ చేర్చాను. ఏ కంపెనీ కెమెరా కొనాలన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు. దానికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: కెమెరా తన ఎదుట ఉన్నది గుడా, గేదా, పెళ్లికూతురా అన్నది చూసి వెలుతురును కొలవదు. దానికి అందేది ఎంత వెలుతురు వచ్చి పడిందన్న లెక్క మాత్రమే. కొత్తవారిని తికమక పెట్టే ఇబ్బందులలో చాలా భాగం ఇక్కడి నుంచే పుడతాయి.

లెన్స్ లేకుండా కూడా బొమ్మ పడుతుందంటారు, నిజమేనా? అసలు కెమెరా అంటే ఏమిటి?

నిజమే. కెమెరా అన్న మాటకు లాటిన్ భాషలో గది అని అర్థం. ఎండాకాలం మధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసుకుని పాత ఇంటి గదిలో పడుకున్నవారిలో కొందరైనా ఈ కెమెరాను చూసే ఉంటారు. కిటికీ రెక్కకు ఎక్కడో చిన్న చిల్లు ఉంటే చాలు, వీధిలో వెళ్లే ఆటో ఎదుటి గోడ మీద తలకిందులుగా పాకుతూ పోతుంది. వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి, వీధిలోని వేపచెట్టు చిటారుకొమ్మ నుంచి బయలుదేరిన కిరణం చిల్లు దాటి గోడ అడుగున పడుతుంది, చెట్టు మొదలు నుంచి వచ్చినది గోడ పైభాగానికి చేరుతుంది. 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్బు పండితుడు ఇటువంటి చీకటి గదులతో ప్రయోగాలు చేసి వివరించాడు.

ఆ చిల్లు చిన్నదైతే బొమ్మ స్పష్టంగానే ఉంటుంది కానీ బాగా మందంగా వెలుగుతుంది. చిల్లును పెద్దది చేస్తే వెలుగు పెరుగుతుంది, బొమ్మ మాత్రం అలుక్కుపోతుంది. పెద్ద చిల్లు ఇచ్చేంత వెలుతురునూ, చిన్న చిల్లు ఇచ్చేంత స్పష్టతనూ ఒకేసారి రాబట్టడానికే లెన్స్ అవసరమైంది. గదిని పెట్టెగా కుదించి, చిల్లులో లెన్స్ బిగించి, గోడ ఉన్న చోట వెలుతురును గుర్తుపెట్టుకునే పదార్థాన్ని ఉంచితే అదే కెమెరా. ఆ పదార్థం 19వ శతాబ్దంలో గాజు పలక మీద పూసిన వెండి లవణం, తరువాత ఫిల్మ్ రీలు, ఇప్పుడు సిలికాన్ సెన్సర్.

ఫోకస్ చేసేటప్పుడు లెన్స్ లోపల జరిగేది ఏమిటి?

వస్తువు మీది ఒక బిందువు నుంచి నలువైపులా వెలువడే కిరణాలలో తన మీద పడినవాటిని లెన్స్ వంచి మళ్లీ ఒక బిందువు దగ్గరికి చేరుస్తుంది. ఆ బిందువు సరిగ్గా సెన్సర్ మీద పడితే స్పష్టత, ముందో వెనకో పడితే మసక. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 50 మి.మీ. ఉన్న లెన్స్ దూరాన ఉన్న కొండను తన వెనక 50 మి.మీ. దగ్గర కూడగడుతుంది. మీటరు దూరంలో ఉన్న మనిషి ముఖాన్ని మాత్రం సుమారు 52.6 మి.మీ. దగ్గర కూడగడుతుంది. ఫోకస్ రింగు తిప్పినప్పుడు జరిగేది ఆ రెండున్నర మిల్లీమీటర్ల సర్దుబాటే.

ఎక్స్‌పోజర్ అంటే ఏమిటి? అందరూ స్టాపులు స్టాపులు అంటారు, అవేమిటి?

ఒక ఫోటో కోసం సెన్సర్ మీద పడిన మొత్తం వెలుతురే ఎక్స్‌పోజర్. వెలుతురు ఎంత తీవ్రంగా పడింది, ఎంతసేపు పడింది అన్న రెండింటి గుణకారం అది. ఆ మొత్తం రెట్టింపు అయితే ఒక స్టాపు పెరిగిందనీ, సగమైతే ఒక స్టాపు తగ్గిందనీ అంటాము.

కూడికలో కాకుండా రెట్టింపులలో లెక్కించడానికి కారణం మన కన్ను. సంగీతంలో మధ్య స్థాయి షడ్జమం నుంచి తార స్థాయి షడ్జమానికి వెళ్తే కంపనాల సంఖ్య రెండింతలవుతుంది, చెవికి మాత్రం అది ఒక్క మెట్టు ఎక్కినట్లే ఉంటుంది. వెలుతురు విషయంలో కన్నూ ఇంచుమించు అలాగే నడుచుకుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటే, ట్యూబ్‌లైటు వెలిగే ఇంటి హాలులో 200 లక్స్ ఉండవచ్చు. అంటే ఐదు వందల రెట్ల తేడా. అయినా లోపలికి వచ్చిన రెండు నిమిషాలలో మనం ఆ సంగతే మరచిపోయి పేపరు చదువుకుంటాము. కెమెరాకు ఆ సౌకర్యం లేదు. ఆ ఐదు వందల రెట్లు దానికి తొమ్మిది స్టాపులు, ఆ తొమ్మిదింటినీ ఎక్కడో ఒకచోట మనమే పూడ్చాలి.

అపెర్చర్ సంఖ్య పెరిగితే వెలుతురు తగ్గుతుంది. ఈ తలకిందుల లెక్క దేనికి?

నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అపెర్చర్ అంటే లెన్స్ లోపల వెలుతురును రానిచ్చే రంధ్రం. ఆ సంఖ్య రంధ్రం కొలత కాదు, ఒక నిష్పత్తి. లెన్స్ నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది అది. 50 మి.మీ. లెన్స్‌లో ఎఫ్/2 అంటే రంధ్రం 25 మి.మీ. వెడల్పు, ఎఫ్/8 అంటే 6 మి.మీ. పైచిలుకు. ఎఫ్ తరువాత ఉన్న గీతను భాగహార చిహ్నంగా చదువుకుంటే అనుమానం తీరిపోతుంది: యాభైని ఎనిమిదితో భాగిస్తే, రెండుతో భాగించినప్పటి కన్నా తక్కువే వస్తుంది కదా.

నిష్పత్తిగానే ఎందుకు చెప్పాలన్నది తరువాతి ప్రశ్న. పొడవైన లెన్స్ బొమ్మను పెద్దది చేస్తుంది కాబట్టి, వచ్చిన వెలుతురును ఎక్కువ వైశాల్యం మీద పలచగా పరుస్తుంది. 200 మి.మీ. లెన్స్, 50 మి.మీ. లెన్స్ ఇచ్చినంత వెలుగునే సెన్సర్ మీద నింపాలంటే దాని రంధ్రం నాలుగు రెట్లు వెడల్పు ఉండాలి. రంధ్రం వ్యాసం మొదటిదానిలో 50 మి.మీ., రెండోదానిలో 12.5 మి.మీ. అయినప్పుడు రెండింటి మీదా ఎఫ్/4 అనే రాసి ఉంటుంది, రెండూ ఒకే వెలుగు ఇస్తాయి. లెన్స్ మార్చినా లెక్క మారకూడదన్న సదుపాయం కోసమే ఈ పద్ధతి పుట్టింది.

ఇక 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న వింత వరుస సంగతి. వెలుతురు రంధ్రపు వైశాల్యాన్ని బట్టి వస్తుంది, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. వెలుతురును సగం చేయాలంటే వ్యాసాన్ని సగం చేయనక్కరలేదు, రెండు వర్గమూలంతో, అంటే సుమారు 1.4తో భాగిస్తే చాలు. వరుసలోని ప్రతి సంఖ్యా దాని ముందున్నదానికి 1.4 రెట్లు. మొదటి రెండూ గుర్తుంటే మిగిలినవి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసుకుంటూ వెళ్లవచ్చు.

వెనక దృశ్యం మసకగా, మనిషి మాత్రం స్పష్టంగా రావాలంటే ఏం చేయాలి?

రంధ్రాన్ని బాగా తెరవాలి, మనిషికి దగ్గరగా వెళ్లాలి, వీలైతే పొడవైన లెన్స్ వాడాలి, మనిషిని వెనక గోడకు దూరంగా నిలబెట్టాలి. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ముందు ఎఫ్/2తో దగ్గరగా తీస్తే ముందువరుసలోని ఒక్క జత గాజులే పదునుగా ఉండి, వెనకవన్నీ రంగు చుక్కలుగా కరిగిపోతాయి. అదే చోట ఎఫ్/11 పెడితే దుకాణం లోపలి అలమరా దాకా వివరాలు కనబడతాయి, కానీ వెలుతురు ముప్పై రెండు రెట్లు తగ్గుతుంది.

రంధ్రం తెరిస్తే అందం పెరుగుతుందన్న భ్రమలో నేనూ కొంతకాలం ఉన్నాను. మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో, ఫంక్షన్ హాలు వేదిక మీద రెండు వరుసలుగా నిలబడ్డ బంధువులను ఎఫ్/1.8తో తీశాను. ముందు వరుస పిల్లలు ముత్యాల్లా వచ్చారు, వెనక నిలబడ్డ పెద్దలందరూ మంచులో నిలబడినట్లున్నారు. మా పెదనాన్న ఇప్పటికీ ఆ ఫోటో తీసి చూపిస్తారు. గుంపు ఫోటోలకు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 వరకు సురక్షితం. మరీ ఎఫ్/16, ఎఫ్/22 దాకా పోతే, ఇరుకు సందులో దూరే వెలుతురు అంచుల దగ్గర చెదరడం వల్ల బొమ్మ మొత్తం కొద్దిగా మెత్తబడుతుంది.

షట్టర్ వేగాన్ని దేనిని బట్టి ఎంచుకోవాలి?

షట్టర్ అంటే సెన్సర్ మీద వెలుతురు ఎంతసేపు పడాలో తేల్చే తెర. దాని వేగాన్ని ఎంచుకోవలసింది ఎదుట ఉన్నది ఎంత వేగంగా కదులుతోంది, చెయ్యి ఎంత వణుకుతుంది అన్న రెండింటిని బట్టి. చేతి వణుకుకు పాత కొలమానం ఒకటుంది: 50 మి.మీ. లెన్స్‌కు 1/50 సెకను, 200 మి.మీ. లెన్స్‌కు 1/200 సెకను కన్నా నెమ్మదిగా పోకూడదు. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకు ఇంకొంచెం వేగం కావాలి. వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉన్న కెమెరాలలో రెండు మూడు స్టాపులు వెసులుబాటు దొరుకుతుంది కానీ, అది మన వణుకునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. ఈ తేడా తెలియక కెమెరాను తిట్టుకునేవారు చాలామంది.

బోనాల ఊరేగింపులో పోతరాజు కొరడా గాలిలో నిలిచిపోవాలంటే 1/1000 సెకను వరకు కావలసి రావచ్చు. దీనికి విరుద్ధంగా, కదలికను ఆపకుండా పారనివ్వడం కూడా ఒక విద్య. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే స్త్రీలను ట్రైపాడ్ మీద నుంచి 1/4 సెకనుతో తీస్తే, మధ్యలో పూల దొంతర కదలకుండా నిలుస్తుంది, చుట్టూ చీరల రంగులు వలయాలుగా సాగుతాయి. ఆ ఆట తిరుగుడు అందులో తెలిసినంతగా 1/1000లో తెలియదని నా అభిప్రాయం. దుర్గం చెరువు తీగల వంతెన మీద రాత్రిపూట కార్ల దీపాలు ఎర్రని గీతలుగా సాగే ఫోటోలు పది, ఇరవై సెకన్ల పాటు షట్టర్ తెరిచి ఉంచి తీసినవి. అంతసేపు చేతితో పట్టుకోవడం అసాధ్యం, ట్రైపాడ్ లేకపోతే పిట్టగోడ మీద సంచి పెట్టి దాని మీద కెమెరాను కూర్చోబెట్టాలి.

దుకాణాలలో ఎల్ఈడీ దీపాల కింద తీసిన ఫోటోలలో అడ్డ చారలు ఎందుకు వస్తాయి?

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున నడుస్తుంది కాబట్టి, చవక రకం దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగుతూ మందగిస్తూ ఉంటాయి. కంటికి అది తెలియదు. చాలా కెమెరాలలోని ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను ఒక్కసారిగా కాకుండా వరుస తరువాత వరుసగా చదువుతుంది. కొన్ని వరుసలు దీపం ప్రకాశించే క్షణంలో, కొన్ని మందగించే క్షణంలో నిండితే చారలు ఏర్పడతాయి. 1/100 లేదా 1/50 సెకను పెడితే ప్రతి వరుసకూ పూర్తి ఆవృత్తి దక్కుతుంది, చారలు పోతాయి. వీడియోకూ ఇదే మందు.

ఐఎస్ఓ పెంచితే సెన్సర్‌కు ఎక్కువ వెలుతురు అందుతుందా?

అందదు. అపెర్చర్, షట్టర్, ఐఎస్ఓ అనే మూడింటినీ త్రిభుజం గీసి సమానంగా చూపే బొమ్మ నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. మొదటి రెండూ వెలుతురును లోపలికి రానిచ్చే ద్వారాలు. మూడోది, వచ్చిన కొద్దిపాటి వెలుతురును ఎంత పెద్దది చేసి చూపాలో చెప్పే మీట. రేడియో శబ్దం పెంచితే స్టేషను దగ్గరకు రాదు, పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది.

ఆ గరగర ఎక్కడ పుడుతుందో తెలిస్తే మిగిలినదంతా అర్థమవుతుంది. తొలకరి చినుకులు పడేటప్పుడు ముంగిట్లో ఒకే రకం గిన్నెలు వంద వరుసగా పెట్టామనుకుందాం. రెండు నిమిషాలు వాన పడి ఆగితే ఒక గిన్నెలో పది చినుకులు, పక్కదానిలో ఆరు, ఇంకోదానిలో పద్నాలుగు ఉంటాయి. రాత్రంతా కురిస్తే అన్నిట్లోనూ ఇంచుమించు సమానంగా నీళ్లు ఉంటాయి. వెలుతురు కూడా సెన్సర్ మీద చినుకుల్లాగే, ఫోటాన్ల రూపంలో పడుతుంది. ఒక పిక్సెల్‌లో 10,000 ఫోటాన్లు నమోదైతే సహజమైన హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 100, ఒక్క శాతం. 100 ఫోటాన్లే నమోదైతే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. నున్నగా ఉండవలసిన గోడ ఇసుక చల్లినట్లు కనబడేది ఈ పది శాతం వల్లనే. నాయిస్ అని పిలిచే ఈ గరగరకు అసలు కారణం ఐఎస్ఓ కాదు, వెలుతురు కరువు. చీకట్లో ఐఎస్ఓ పెంచక తప్పదు, పెంచినందుకు చింతించనక్కరలేదు. గింజలున్నా స్పష్టంగా ఉన్న ఫోటో, నున్నగా ఉండి కదిలిపోయిన ఫోటో కన్నా మేలు.

ఫిల్మ్ రోజులలో ఈ సంఖ్య రీలు డబ్బా మీదే ఉండేది. 100 రీలు వేసుకుని బయలుదేరితే ముప్పై ఆరు ఫోటోలు అయ్యేదాకా దానితోనే వేగాలి. మధ్యలో చీకటి పడితే ఇంటికి పోవడమే, రీలు కడిగించాక గానీ ఏం వచ్చిందో తెలిసేది కాదు.

వెలుతురును కొలిచే మీటరు చూడకుండా మూడింటినీ కలిపి సరిగా పెట్టడం సాధ్యమా?

ఎండలో సాధ్యమే. నిర్మలమైన ఆకాశం, కత్తిరించినట్లున్న నీడలు ఉంటే, అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఐఎస్ఓ సంఖ్యకు దగ్గరగా ఉంచాలి. గోలకొండ కోటలో ఏప్రిల్ ఎండకు ఐఎస్ఓ 100, ఎఫ్/16, 1/125 సెకను సరిపోతుంది. అక్కడి నుంచి ఒకటి పెంచి ఒకటి తగ్గిస్తూ పోవచ్చు: ఎఫ్/11కు 1/250, ఎఫ్/8కు 1/500, ఎఫ్/5.6కు 1/1000, ఎఫ్/4కు 1/2000. ఈ ఐదూ సెన్సర్ మీద ఒకే పాళ్ల వెలుతురు వేస్తాయి, ఫోటోలు మాత్రం ఐదు రకాలుగా ఉంటాయి. పలచని మబ్బుకు ఒక స్టాపు, ముసురుకు మూడు, ఆరుబయటి నీడకు మూడు తెరుచుకోవాలి.

పైన చెప్పిన ట్యూబ్‌లైటు హాలుకు ఇదే లెక్కతో వెళ్దాం. తొమ్మిది స్టాపులు పూడ్చాలి. ఎఫ్/16 నుంచి ఎఫ్/2 వరకు తెరిస్తే ఆరు దొరికాయి, ఐఎస్ఓ 100 నుంచి 800కు పెంచితే మూడు. షట్టర్ 1/125 దగ్గరే నిలిచింది, ఫోటో చేతితోనే తీయవచ్చు.

ఆటోలో పెట్టినా తెల్లనివి బూడిద రంగులోకి, నల్లనివి వెలిసినట్లు ఎందుకు వస్తాయి?

కెమెరాలోని మీటరు, వస్తువు నుంచి తిరిగి వచ్చిన వెలుతురును మాత్రమే చూడగలదు. ఎక్కువ వెలుతురు వచ్చిందంటే ఎండ ఎక్కువగా ఉందా, లేక వస్తువే తెల్లనిదా అన్నది తేల్చుకోలేదు. అందుకని ప్రపంచమంతా సగటున నడి బూడిద రంగులో ఉంటుందన్న ఊహతో పని కానిస్తుంది. పడిన వెలుతురులో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద రంగు అట్ట ఆ ఊహకు నమూనా.

1976లో పూర్తయిన బిర్లా మందిర్ అంతా తెల్లని రాజస్థాన్ చలువరాయి. లోపలికి కెమెరా తీసుకుపోనివ్వరు కాబట్టి కింద నుంచి ఫ్రేము నిండా గుడినే పెట్టుకుని తీసినప్పుడు, మీటరు ఇంత వెలుతురా అని బెదిరి షట్టర్ వేగం పెంచేస్తుంది, చలువరాయి సిమెంటులా తేలుతుంది. దీపావళి తరువాత నారాయణగూడ సదర్ ఉత్సవంలో, నూనె రాసి అలంకరించిన దున్నపోతు ఫ్రేమంతా నిండితే సరిగ్గా ఎదురు జరుగుతుంది. మీటరు చీకటి అనుకుని వెలుతురు పెంచుతుంది, నిగనిగలాడే నలుపు బూడిద పూసుకుంటుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ సవరణ మీట ఉన్నది ఇందుకే. తెలుపుకు ప్లస్ ఒకటి నుంచి రెండు, నలుపుకు మైనస్ ఒకటి. వినడానికి తలకిందులుగా ఉన్నా సరైనది అదే.

పెళ్లిళ్లలో ఈ తప్పు ఖరీదైనది. మధుపర్కాలు కట్టుకుని వధూవరులు పక్కపక్కన కూర్చున్నప్పుడు ఫ్రేములో సగం తెల్లబట్టే ఉంటుంది. మీటరు ఆ తెలుపును బూడిద చేయబోయి ముఖాలను నల్లబరుస్తుంది. నేనైతే ముహూర్తానికి ముందే ఒక చెంప మీద మీటరు చూసుకుని, మాన్యువల్‌లో ఆ అంకెలను స్థిరపరచి, తలంబ్రాలయ్యేదాకా ముట్టుకోను.

కిటికీ ముందు కూర్చున్నవారి ముఖం నల్లగా ఎందుకు వస్తుంది? కంటికి బాగానే కనబడుతోంది కదా?

కన్ను ఆ దృశ్యాన్ని ఒక్కసారిగా చూడదు. కిటికీ వైపు తిరిగినప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది, ముఖం వైపు తిరిగినప్పుడు విచ్చుకుంటుంది, రెండింటినీ మెదడు కలిపి కుట్టేస్తుంది. కెమెరాకు ఒక్క కొలతే. మంచి సెన్సర్ ఒకే ఫోటోలో 12 నుంచి 14 స్టాపుల తేడాను పట్టగలిగినా, తెరమీద చూసే బొమ్మలో అంత తేడాకు చోటుండదు. కుతుబ్‌షాహీ సమాధుల లోపల నిలబడి కమాను గుండా ఆరుబయటిని తీసినవారందరికీ ఇది అనుభవమే: బయటి పచ్చిక సరిగా వస్తే లోపల కటిక చీకటి, లోపలి గోడ కనబడితే బయటంతా తెల్లకాగితం.

ఏది పోగొట్టుకోవాలో మనమే నిర్ణయించాలి. డిజిటల్‌లో తెల్లబారిపోయిన భాగంలో వివరమే నమోదు కాదు, ఎవరూ వెనక్కి తేలేరు. నీడలో దాగినది మాత్రం, సెన్సర్ నమోదు చేసినదానిని ఉన్నదున్నట్లు దాచే ‘రా’ (RAW) ఫైలులో తీస్తే కొంతవరకు పైకి లాగవచ్చు. 14 బిట్ల రా ఫైలు ఒక్కో పిక్సెల్‌కు 16,384 మెట్లు దాచుకుంటే, కుదించిన మామూలు ఫోటో ఫైలైన జేపెగ్ ఒక్కో రంగుకు 256 మాత్రమే ఉంచుతుంది. ఇంట్లో అయితే ఇంత గొడవ అక్కరలేదు, కూర్చున్నవారిని లేపి కిటికీకి ఎదురుగా కూర్చోబెడితే చాలు.

ఫ్లాష్ ఎప్పుడు వాడాలి?

మూడు నాలుగు మీటర్ల లోపు ఉన్నదానికే. ఫ్లాష్ వెలుతురు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు, మూడింతలైతే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఉప్పల్ స్టేడియం పై వరుసల నుంచి మైదానం వైపు మెరిసే ఫ్లాష్‌లు వెలిగించేది ముందు కూర్చున్నవారి తలలను మాత్రమే. ఇంట్లో ఫ్లాష్‌ను సూటిగా కాక తెల్లటి సీలింగు వైపు తిప్పి కొడితే సీలింగంతా పెద్ద దీపమై మెత్తని వెలుగు కురుస్తుంది.

ఫ్లాష్‌కు 1/200 లేదా 1/250 సెకను హద్దు ఉండటానికి కారణం షట్టర్ తెరలు. అంతకన్నా వేగంగా పోయినప్పుడు మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకోవడం మొదలుపెడుతుంది, సెన్సర్ మీదుగా సన్నని చీలిక మాత్రమే జారుతూ పోతుంది. క్షణంలో మెరిసి ఆరిపోయే ఫ్లాష్ ఆ చీలిక ఉన్నంత మేరకే పడి, మిగతాది నల్లగా మిగులుతుంది.

వెలుతురు ఎంత అన్నది సరే, ఎటు నుంచి అన్నది కూడా ముఖ్యమా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా ముందు ఐదు నిమిషాలు నిలబడితే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇటలీ శిల్పి బెంజోనీ ఒకే చలువరాయిలో ముఖాన్నీ, ముఖం మీది పలచని మేలిముసుగునూ చెక్కాడు. రంగు తేడా ఏమీ లేదు, అంతా తెలుపే. ముసుగు ముడతలు మనకు తెలిసేది పక్క నుంచి పడే వెలుతురు వేసే చిన్న చిన్న నీడల వల్ల మాత్రమే. అదే వెలుతురు కెమెరా ఉన్న దిక్కు నుంచే సూటిగా పడితే నీడలన్నీ వస్తువు వెనక్కి పోయి, రాయి మళ్లీ రాయిగానే మిగులుతుంది.

ఊరి వెలుతురుకూ ఇది వర్తిస్తుంది. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున, మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలిచిన కర్రకు ఆ క్షణంలో నీడే ఉండదు. వేసవి మధ్యాహ్నాలలో కళ్ల గుంటలు నల్లబడి, ముక్కు కింద మీసంలా నీడ పడటానికి కారణం ఇదే. పొద్దున్న ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు దాటాక వెలుతురు వాలుగా వచ్చి గోలకొండ రాళ్ల గరుకుతనాన్ని కూడా చూపుతుంది. మధ్యాహ్నమే తీయక తప్పకపోతే మనిషిని ఏదైనా అరుగు నీడలోకి, వెలుతురు వైపు ముఖం పెట్టి నిలబెట్టడం మంచిది.

ఇన్ని మీటలు లేని రోజుల్లో ఈ ఊళ్లో అంత మంచి ఫోటోలు ఎలా తీశారు?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) పనిచేసినది గాజు పలకలతో. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండేది. ఆ పలకలు ఇప్పటి సెన్సర్లతో పోలిస్తే బహు మందకొడివి. అందుచేత బరువైన కెమెరాను ముక్కాలి పీట మీద నిలిపి, లోపలి దృశ్యాలకు క్షణాల తరబడి వెలుతురు పోయవలసి వచ్చేది. ఆ కాలపు దర్బారు ఫోటోలలో మనుషులు కొయ్యబారినట్లు కనబడటంలో మర్యాద పాలు ఎంతో, షట్టర్ పాలు కూడా అంత ఉంది. అప్పుడూ ఉన్నవి రంధ్రం, సమయం, పలక సున్నితత్వం అనే ఆ మూడే.

ఫోటోలు ఒకసారి పసుపుపచ్చగా, ఒకసారి నీలంగా ఎందుకు వస్తాయి?

ప్రతి వెలుతురుకూ ఒక రంగు ఉంటుంది, దానిని కెల్విన్‌లలో చెబుతారు. పాత ఫిలమెంటు బల్బు సుమారు 2,700, నడిపగటి ఎండ సుమారు 5,500, ఆరుబయటి నీడ 7,000 పైన. సంఖ్య పెరిగేకొద్దీ నీలం ఎక్కువవుతుంది. కన్ను సర్దుకుంటుంది, కెమెరాకు మాత్రం ఏ వెలుతురులో తీస్తున్నామో వైట్ బ్యాలెన్స్ అనే అమరిక ద్వారా చెప్పాలి.

సెన్సర్‌కు రంగులు ఎలా తెలుస్తాయి?

తెలియవు. ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలలో ఏదో ఒకటి ఉంటుంది, వాటిలో సగం ఆకుపచ్చవే, ఎందుకంటే కన్ను వివరాలను ఎక్కువగా గ్రహించేది ఆ రంగులోనే. 1976లో కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరిట పేటెంటు పొందిన ఈ అమరికనే చాలా కెమెరాలు ఇప్పటికీ వాడుతున్నాయి. ప్రతి పిక్సెల్‌కూ లేని రెండు రంగులను పక్కవాటిని చూసి లెక్కకడతారు.

ఫోనులో ఇవన్నీ లేవు కదా, అయినా బాగానే వస్తున్నాయే?

చాలా ఫోన్లలో అపెర్చర్ మారదు, ఎఫ్/1.8 వంటి ఒకే సంఖ్య దగ్గర స్థిరంగా ఉంటుంది. వాటి అసలు నాభ్యంతరం ఆరేడు మిల్లీమీటర్లే కాబట్టి, ఆ రంధ్రం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా దాటదు. అంత చిన్న రంధ్రంతో వెనక దృశ్యం సహజంగా మసకబారడం కష్టం. అందుకే పోర్ట్రెయిట్ మోడ్‌లో ఫోను మనిషి అంచులను ఊహించి, మిగతాదానిని లెక్కలతో మసక చేస్తుంది. జడలోని మల్లెపూల దండ దగ్గర ఆ ఊహ తడబడటం మీరు గమనించే ఉంటారు. నైట్ మోడ్ మాత్రం నిజాయితీగల ఉపాయం: తొమ్మిది ఫోటోలు గబగబా తీసి సగటు కడితే నాయిస్ మూడో వంతుకు తగ్గుతుంది. ఇందాకటి గిన్నెలలో మరిన్ని చినుకులు పట్టడమే అది.

హుస్సేన్‌సాగర్ నీటి మీది మెరుపును తగ్గించడానికి ఫిల్టరు ఉందా?

పోలరైజింగ్ ఫిల్టరు తిప్పుతూ చూస్తే ఏటవాలుగా వచ్చే మెరుపు ఒక చోట మాయమవుతుంది. సూర్యుడికి లంబదిశలో ఉన్న ఆకాశం కూడా ముదురు నీలమవుతుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురును అది మింగేస్తుందని మరవకూడదు. సూర్యుడినే నేరుగా తీయడానికి ఇది పనికిరాదు. గ్రహణం తీయదలచినవారు సూర్యుడి కోసమే తయారైన ఫిల్టరును లెన్స్ ముందు బిగించకుండా వ్యూఫైండర్‌లో కన్ను పెట్టరాదు.

నేర్చుకోవడం ఏ మోడ్‌తో మొదలుపెట్టాలి?

అపెర్చర్‌ను మనం పెడితే షట్టర్‌ను కెమెరా చూసుకునే మోడ్‌తో. మీట మీద ఏ అనో ఏవీ అనో ఉంటుంది. ఒక సాయంత్రం ఐదింటికి మొజంజాహీ మార్కెట్ గడియారపు గోపురం ఎదుట, దారికి అడ్డం కాని చోట నిలబడండి. ఐఎస్ఓ 400, ఎఫ్/8 పెట్టి, వాటిని మార్చకుండా పది నిమిషాలకొకసారి అదే ఫ్రేము తీస్తూ, కెమెరా ఎంచుకున్న షట్టర్ వేగాన్ని కాగితం మీద రాసుకోండి. మొదటి గంటలో అంకె నెమ్మదిగా కదులుతుంది. పొద్దు కుంకిన తరువాత ఒక్కసారిగా జారుతుంది. అది 1/60 కన్నా కిందికి వచ్చాక దీపస్తంభానికి భుజం ఆనించి మరో రెండు తీయండి, ఆ తరువాత అపెర్చర్‌ను ఎఫ్/4కు తెరిచి, షట్టర్ అంకె ఎంత వెనక్కి వచ్చిందో చూడండి.